పెళ్లికార్డు చదవడం నేర్చుకున్న వైనం

దిల్‌సుఖ్‌నగర్‌లో మెయిన్ రోడ్డు మీంచి లోపలికి వచ్చే రెండో సందులో ఒక పెళ్లికార్డుల షాపు ఉంది. అందులో నేను పదకొండేళ్లుగా కంప్యూటర్ మీద కార్డులు టైపు చేస్తున్నాను. ఇప్పటికి కొన్ని వేల పెళ్లిళ్లకు వధూవరుల పేర్లు కొట్టి ఉంటాను. అందులో నేను భోజనానికి వెళ్లినవి మూడు.

మొదట్లో షాపులో ముగ్గురమే ఉండేవాళ్లం. యజమానిది గుంటూరు వైపు. ఆయన్ని సార్ అంటాం. అచ్చు మెషిన్ నడిపే ఆయనది హయత్‌నగర్. వయసులో నాకంటే పెద్ద కాబట్టి మెషిన్ అన్న అంటాను. నేను పెళ్లయ్యాక భీమవరం దగ్గర పల్లె నుంచి ఇక్కడికి వచ్చి పడ్డాను.

ఒక ఆదివారం సార్ ఎల్బీ నగర్‌లో ఒక హోటల్ పై అంతస్తులో చిన్న వ్యాపారులకు పెట్టిన ఒకరోజు శిక్షణకు వెళ్లారు. ఉచితమని వెళ్లారు. భోజనం కూడా పెడుతున్నారని మధ్యాహ్నం ఫోన్ చేసి మరీ చెప్పారు. మర్నాడు పొద్దున ఒక తెల్లబోర్డు, నాలుగు రంగుల పెన్నులతో షాపుకి వచ్చారు. ఇకనుంచి మనలో ఎవరో ఒకరు రోజుకొక చిన్న మార్పు చెయ్యాలని, దాన్ని బోర్డు మీద రాయాలని, అలా చేస్తే ఏడాది తిరిగేసరికి ఎక్కడుంటామో మనకే తెలియదని చెప్పారు. ఎక్కడుంటామో తెలియకపోతే మంచిదెట్లయితదని మెషిన్ అన్న అడిగాడు. సార్ బోర్డు మీద ఎర్ర పెన్నుతో ‘నిరంతర మెరుగుదల’ అని రాశారు.

మొదటి రోజు నేను నీళ్ల క్యాన్‌ని తలుపు దగ్గర్నించి గోడ దగ్గరికి జరిపాను. అది రాశాం. రెండో రోజు సార్ దాన్ని మళ్లీ తలుపు దగ్గరికి జరిపారు. అదీ రాశాం. తర్వాత పెన్నులకు ఒక డబ్బా, కత్తెరకు ఒక మేకు, చెప్పులకు ఒక చెక్క వచ్చాయి. మెషిన్ అన్న మాత్రం తన వంతు వచ్చినప్పుడల్లా ఒకటే రాసేవాడు: ఫ్యాను బాగు చేయించాలె. మెషిన్ గదిలో ఫ్యాను ఎండాకాలం మొదట్లోనే ఆగిపోయింది. సార్ అది చదివి, కొత్తగా ఆలోచించమని చెప్పేవారు. మళ్లీ వంతు వచ్చినప్పుడు అన్న అదే మాట కొత్తగా నీలం పెన్నుతో రాసేవాడు.

మూడో నెలలో సార్ బోర్డు చివర ఇంకో గడి గీశారు. దానికి ‘తప్పు ఎవరిది’ అని పేరు పెట్టారు. ఎవర్నీ తిట్టడానికి కాదు, తెలుసుకోవడానికే అన్నారు. నిజంగానే తిట్టలేదు. మొదటి వారం నా పేరు రెండుసార్లు, అన్న పేరు ఒకసారి పడ్డాయి. కార్డులు చూసుకోవడానికి వచ్చినవాళ్లు ముందు బోర్డు చదివి, తర్వాత నన్ను చూసి, వాళ్ల కాగితాన్ని కొంచెం తమ వైపుకి లాక్కునేవారు.

రెండో వారం నుంచి ఆ గడి ఖాళీగా ఉంది. రెండు నెలలు ఖాళీగానే ఉంది. సార్ సంతోషించి మిర్చి బజ్జీలు తెప్పించారు. మేం తిన్నాం. తప్పులు మాత్రం ఎప్పటిలాగే జరుగుతున్నాయి. చెడిపోయిన కార్డుల కట్టల్ని మెషిన్ అన్న కటింగ్ మెషిన్ వెనక పేర్చి, పైన గోనెసంచి కప్పేవాడు. నేను నా డ్రాయర్లో అడుగున దాచేదాన్ని. నా చోటు ఆయనకు తెలుసు, ఆయన చోటు నాకు తెలుసు.

ఒక మంగళవారం షాపు తెరిచిన కాసేపటికి ఒక పెద్దాయన వచ్చారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, చేతికర్ర. కర్మన్‌ఘాట్ నుంచి ఆటోలో వచ్చానని చెప్పి స్టూలు మీద కూర్చున్నారు. నేనిచ్చిన నీళ్లు తాగి, జేబులోంచి మా షాపులో అచ్చయిన కార్డు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన మనుమరాలి పెళ్లి కార్డు. పెళ్లి ఇంకా తొమ్మిది రోజులుంది.

“ఇది టైపు జేసింది ఎవరు బిడ్డా?” అని అడిగారు.

నేనేనని చెప్పాను. ఆయన వధువు తాతగారి పేరు మీద వేలు పెట్టారు. ఆ పేరుకి ముందు ‘కీ.శే.’ అని ఉంది. కీర్తిశేషులు.

“గీ పేరు నాదే,” అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. బతికున్న మనిషి ఎదుట అలాంటప్పుడు ఏమనాలో నాకు ఎవరూ నేర్పలేదు. క్షమించండి తాతగారూ అన్నాను. ఆయన తలూపి, జరిగింది చెప్పారు. ముందురోజు ఇంట్లోవాళ్లంతా బట్టలు కొనడానికి పోయారట. ఫోన్ మోగితే ఈయనే ఎత్తారట. కార్డు అందుకున్న ఒక దూరపు చుట్టం చాలా బాధపడుతూ, ఎప్పుడు జరిగింది, కబురైనా పెట్టలేదే అన్నాడట. ఎవరి సంగతని అడిగితే ఈయన పేరే చెప్పాడట.

“నేనే మాట్లాడుతున్న అని జెప్పిన. ఫోన్ పెట్టేసిండు. మల్ల జేస్తే ఎత్తుతలేడు,” అన్నారు. ఆయన ముఖంలో కోపం లేదు, నవ్వూ లేదు.

ఎట్లయిందో చెప్పమన్నారు. చెప్పాను. కొత్త కార్డు వచ్చినప్పుడు మొదటినించీ టైపు చెయ్యను. అలాంటిదే పాత కార్డు ఫైలు తెరిచి, పేర్లు, తేదీ మార్చుకుంటాను. ఆ పాత కార్డులో తాతగారు నిజంగానే లేరు. పేరు మార్చాను గాని, ముందున్న ఆ రెండక్షరాలు అలాగే ఉండిపోయాయి.

“అంటే ఇంకొకాయన చావు నాకు తగిలింది,” అన్నారాయన. “మరి ఎవలూ చదవలేదా?”

నేను చదివాను. సార్ చదివారు. ఈయన కొడుకు కూడా చదివి, సరే అని సంతకం పెట్టి వెళ్లారు.

ఆయన కార్డు దగ్గరికి తీసుకొని, మొదటి అక్షరం మీద వేలు పెట్టి, పైకి చదవడం మొదలుపెట్టారు. ఒక్కో అక్షరం పలికి, ఒత్తు పలికి, ఆగి, అప్పుడు పక్కదానికి వెళుతున్నారు. ‘శుభలేఖ’ దాటడానికే చాలాసేపు పట్టింది. అట్ట చదివి, లోపలి పేజీ చదివి, మళ్లీ అట్ట తిప్పారు.

“లోపల బుధవారం ఉన్నది. అట్ట మీద గురువారం ఉన్నది. లగ్గం ఎన్నడు పెట్టిన్రు మీరు?”

చూశాను. నిజమే. ముగ్గురం చదివి ఒక్కరమూ చూడని రెండో తప్పు అది.

ఇంత సావధానంగా చదవడం ఎలా వచ్చిందని నేనే అడిగాను. ఆయనకు చిన్నప్పుడు బడి లేదట. ఎల్బీ నగర్ వైపు పొలాలు ప్లాట్లవుతున్న రోజుల్లో ఎవరో తెచ్చిన కాగితం మీద వేలిముద్ర వేశారట. అందులో ఆయన అమ్మాలనుకున్న దానికంటే ఎక్కువ భూమి రాసి ఉందని తర్వాత తెలిసిందట. అప్పటికి ఆయనకు నలభై దాటాయి. ఊళ్లో ఒక టీచర్ దగ్గర కూర్చొని అక్షరాలు నేర్చుకున్నారు.

“అప్పటి సంది ఏ కాయితమైనా ఒక్కొక్క అచ్చరం జూస్త. చీటీ అయినా అంతే, పేపరైనా అంతే,” అన్నారు.

అంతలో సార్ వచ్చారు. సంగతి తెలుసుకొని పెద్దాయనకు మూడుసార్లు దండం పెట్టారు. కార్డులన్నీ ఆరోజే మళ్లీ కొట్టిస్తానన్నారు. తర్వాత పెన్ను తీసుకొని బోర్డు దగ్గరికి వెళ్లారు. ఆ చివరి గడిలో నా పేరు రాయబోతున్నారని నాకు అర్థమైంది. రెండు నెలల తర్వాత పడే మొదటి పేరు. నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి గాని, కంప్యూటర్ వైపు తిరిగి ఏదో వెతుకుతున్నట్టు మౌస్ కదిపాను.

మెషిన్ అన్న చేతులు తుడుచుకుంటూ గదిలోంచి బయటికి వచ్చాడు.

“సార్, ఆమె పేరు రాస్తే నావి గూడ రాయాలె. గా గడిల జాగ సాలదు,” అన్నాడు.

కటింగ్ మెషిన్ వెనక్కి వెళ్లి గోనెసంచి తీశాడు. ఒక్కొక్క కట్టా తెచ్చి సార్ ముందు నేల మీద పెట్టాడు. ఆయన ఒక్కడే నిలబడడం బాగుండదని నేను డ్రాయర్ లాగి నావీ తెచ్చి పక్కన పెట్టాను. సార్ వంగి ఒక్కో కట్టా ఎత్తి చూశారు. బజ్జీలు గుర్తొచ్చాయేమో.

“రెండు నెలలు ఎందుకు చెప్పలేదయ్యా?” అన్నారు చివరికి.

“గా గడి ఉన్నన్ని దినాలు ఎవలు జెప్తరు సార్?”

సార్‌కి మనసు కష్టమైంది. అది కనబడుతూనే ఉంది. ఆయన మంచి ఉద్దేశంతోనే పెట్టారు. స్టూలు మీద పెద్దాయన కర్ర పట్టుకొని చూస్తున్నారు. సార్ గుడ్డ తీసుకొని, గడిని చెరపలేదు గాని, ‘ఎవరిది’ అన్న మాట తుడిచి ‘ఎక్కడ’ అని రాశారు.

ఆ మధ్యాహ్నం కొత్త కార్డులు అచ్చయ్యేదాకా పెద్దాయన అక్కడే ఉన్నారు. మేం చెడిపోయిన కార్డులన్నీ నేల మీద పరిచి, ఏ తప్పు ఎక్కడ పుట్టిందో చూసి వేరువేరు కుప్పలు పెట్టాం. నేను టైపు చెయ్యడంలో చేసినవే ఎక్కువని నా నమ్మకం. ఆ కుప్ప అన్నిటికంటే చిన్నది. పాత ఫైలు నుంచి మిగిలిపోయినవి పెద్ద కుప్ప. ఫోన్లో పంపిన ఫొటోల్లో సరిగ్గా కనబడక తప్పు పడినవి ఇంకో కుప్ప. నాలుగో కుప్పలో కార్డు మీద తప్పేమీ లేదు, ఒక పెళ్లివారి కార్డుల్లో ఇంకొక పెళ్లివారివి కలిసిపోయాయి. అలా ఎందుకైందని సార్ అడిగారు. గదిలో ఉక్కపోతకు తలుపు తెరిచి పెడతానని, గాలికి ఆరబెట్టిన కార్డులు లేస్తాయని, ఏరి పెట్టేటప్పుడు కలుస్తాయని అన్న చెప్పాడు. తలుపెందుకు తెరుస్తున్నావని సార్ అడగబోయి ఆగిపోయారు. సాయంత్రానికల్లా ఫ్యాను తిరిగింది.

పాత ఫైళ్ల మీద కొట్టడం ఆ రోజుతో మానేశాను. పేర్లేవీ లేని ఖాళీ నమూనాలు తయారు చేసుకున్నాను. వివరాలు రాసుకోవడానికి ఒక ఫారం పెట్టాం. పెద్దలు ఉన్నారా లేరా అన్నది ఎలా అడగాలో తెలియలేదు. మొదటి ఫారంలో తాతయ్య, అమ్మమ్మ పేర్ల పక్కన ‘ఉన్నారు / లేరు’ అని పెట్టి, ఒకదాని మీద గీత కొట్టమన్నాం. పసుపు బట్టల సంచీతో వచ్చిన ఒకావిడ అది చదివి, శుభమా అని వస్తే ఇదేం మాటమ్మా అని లేచి వెళ్లిపోయింది. రెండో ఫారంలో సార్ దాన్ని ‘పెళ్లికి వస్తారా?’ అని మార్చారు. మోకాళ్ల నొప్పులతో మంచం దిగలేని ఒక నాయనమ్మ పేరు పక్కన ఇంట్లోవాళ్లు ‘రారు’ అని రాశారు. ఆవిడకు నేను కీ.శే. తగిలించబోయి ఆఖరు నిమిషంలో ఫోన్ చేసి అడిగాను. మూడో ఫారం మెషిన్ అన్న చెప్పినట్టు చేశాం. ‘ఎవరెవరు ఆశీర్వదిస్తారు?’ అని మాత్రమే ఉంటుంది. ఉన్నవాళ్ల పేర్లు పెళ్లివారే రాస్తారు. లేనివాళ్ల పేరు వచ్చేసరికి వాళ్లంతట వాళ్లే కొంచెం ఆగి, పైనుంచి ఆశీర్వదిస్తారని చెబుతారు. ఇప్పటికీ అదే ఫారం.

పెళ్లి అయిపోయిన తర్వాత పెద్దాయన లడ్డూలు పట్టుకొని వచ్చారు. ఫోన్ పెట్టేసిన చుట్టం పెళ్లికి వచ్చాడని, భోజనాల దగ్గర తనను దూరం నుంచి రెండుసార్లు చూసి వెళ్లాడని చెప్పారు. లేవబోతుంటే సార్ అచ్చుకు వెళ్లబోయే ఒక కార్డు ప్రూఫ్ ఇచ్చి, మీకు వీలుంటే ఇది చదివిపెడతారా అని అడిగారు. ఆయన చదివారు. ఊరి పేరులో ఒక ఒత్తు పోయిందని చెప్పారు. మర్నాడు కూడా వచ్చారు. ఇంట్లో అందరూ ఎవరి పనికి వాళ్లు పోతారని, గోడలు ఎన్నని చదువుతానని అన్నారు.

ఆ తర్వాత దాదాపు ఏడాది రోజూ వచ్చారు. ఆయన వేలు పెట్టి పైకి చదివేవారు, నేను ఎదురుగా ఫారం చూసుకుంటూ వినేదాన్ని. తప్పుతో బయటికి పోయే కార్డులు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి. బోర్డు మీద ‘ఎక్కడ’ గడి మళ్లీ ఖాళీ అయింది. ఈసారి నిజంగానే ఖాళీ అని సార్ కటింగ్ మెషిన్ వెనక చూసి మరీ నమ్మారు.

కానీ సార్ ఊరుకునే మనిషి కాదు. ఒక కార్డుకు ఇంతసేపు ఎందుకని, పెద్దాయనను కూడా మెరుగుపరచడం మొదలుపెట్టారు. పెద్ద భూతద్దం కొన్నారు. వేలు జారకుండా స్కేలు ఇచ్చారు. ఎత్తైన కుర్చీ వేశారు. ఎంతసేపు పట్టిందో బోర్డు మీద రాసేవారు. రోజూ అవే మాటలు చదివీ చదివీ పెద్దాయన వేగం పెరిగింది. ‘బంధుమిత్రుల’ అని ఒక్కసారిగా అనేసేవారు. సార్ అది చూసి మురిసిపోయారు. పెద్దాయనకూ బాగానే ఉండేది. ఇంటి దగ్గర పేపర్ పూర్తిగా చదివేస్తున్నానని నాతో అన్నారు.

తర్వాత ఒకరోజు కార్డు తిరిగి వచ్చింది. ‘ద్వితీయ పుత్రిక’ ఉండాల్సిన చోట ‘ద్వితీయ పుత్రుడు’ అని ఉంది. పెళ్లికూతురు పేరు కింద. పెద్దాయన చదివిన కార్డే అది. వారం తిరగకుండా ఇంకొకటి వచ్చింది. మేం ఆయనకు చెప్పకూడదనుకున్నాం గాని, ఆయన బోర్డు చదివేశారు. ఇప్పుడు దూరం నుంచి కూడా చదవగలరు.

ఆ రెండు కార్డులూ అడిగి తీసుకొని చాలాసేపు చూశారు.

“నాకు సదువొచ్చేసింది బిడ్డా,” అన్నారు. “ముందుగాల అచ్చరం జూసేటోణ్ణి. ఇప్పుడు జూడంగనే మాట తెలిసిపోతున్నది. మీ లెక్కనే అయిన. ఇగ పనికి రాను.”

నేను అలా అనకండి అన్నాను గాని, ఆయన చెప్పింది నిజం. ఆయనకు చదవడం రావడం మంచిదే. మాకు మాత్రం నష్టం. ఈ రెంటినీ ఎలా కలపాలో నాకు తెలియక టీ తెప్పించాను. టీ తాగి, కర్ర తీసుకొని వెళ్లిపోయారు. రెండు రోజులు రాలేదు. ఆయన కుర్చీ ఖాళీగా ఉంటే షాపు పెద్దదైనట్టు అనిపించింది. సార్ బోర్డు మీద సమయాలు రాసిన గడిని తుడిచేశారు.

మూడో రోజు మెషిన్ అన్న ఒక అట్టముక్క పట్టుకొని బయటికి వచ్చాడు. చెడిపోయిన కార్డు మధ్యలో రెండు మూడు అక్షరాలు పట్టేంత చిన్న కిటికీ కోశాడు. దాన్ని ప్రూఫ్ మీద పెట్టి జరుపుతుంటే కిటికీలో పడినంత వరకే కనిపిస్తుంది. ముందేముందో, వెనకేముందో తెలియదు. ఊహించడానికి ఏమీ దొరకదు. నేను ప్రయత్నించాను. అన్నేళ్లలో మొదటిసారి ‘ముహూర్తము’ అన్న మాటని అక్షరమక్షరం చూశాను.

ఆ మధ్యాహ్నం నేనే ఆటో ఎక్కి కర్మన్‌ఘాట్ వెళ్లి ఆ అట్టముక్క పెద్దాయనకు చూపించాను. అరుగు మీద కూర్చొని పేపర్ మీద పెట్టి నాలుగు లైన్లు చదివారు.

“మళ్ల సదువు పోయింది,” అన్నారు. మర్నాటి నుంచి షాపుకి వచ్చారు.

ఆ తర్వాత జరిగింది మేం అనుకొని చేసింది కాదు. కిటికీ అట్టలు చాలా కోసి, ప్రూఫ్‌తో పాటు పెళ్లివారి ఇంటికి పంపడం మొదలుపెట్టాం. ఇంట్లో ముసలివాళ్లు, పిల్లలు వంతులవారీగా చదివి తప్పులు పట్టి పంపేవారు. మా సందులోనే ఉన్న ఇంకో కార్డుల షాపాయన ఒకసారి తన ప్రూఫ్ తెచ్చి, మీ పెద్దాయనతో చదివించి పెట్టమన్నాడు. తర్వాత ఫ్లెక్సీలు కొట్టేవాళ్లు వచ్చారు. స్కూళ్ల వాళ్లు, ఎన్నికలప్పుడు కరపత్రాల వాళ్లు వచ్చారు. ఇప్పుడు చదవడానికే మా దగ్గర ఇద్దరు ఆడవాళ్లు పనిచేస్తున్నారు. అచ్చు పని కంటే చదివే పనే ఎక్కువ. బయట షాపు పేరు కింద ‘ఇక్కడ ప్రూఫులు చదవబడును’ అని ఒక లైను రాయించాం. ఆ లైనులో తప్పు లేదని ఐదుగురం చూశాం.

కిందటి ఏడు పెద్దాయన తన పాత ఇంటిని అపార్ట్‌మెంట్ కట్టడానికి బిల్డర్‌కి ఇచ్చారు. చిన్నకొడుకు దగ్గరికి అబ్దుల్లాపూర్‌మెట్ వెళ్లారు. అక్కడి నుంచి రోజూ రావడం కష్టం. నెలకు ఒకట్రెండుసార్లు బస్సులో వస్తారు. వచ్చినప్పుడు ఒక ప్రూఫ్ చదువుతారు. తప్పు దొరక్కపోతే కొంచెం నిరాశపడతారు. ఒకసారి ఆయన కోసమని నేనొక ఒత్తు తీసేసి ఇచ్చాను. పట్టుకొని, ఇది నువ్వే చేసినవు అన్నారు.

మొన్న మాకు ఒక కార్డు తిరిగి వచ్చింది. అక్షరాల్లో తప్పు లేదు. ఫంక్షన్ హాలు పేరు సరిగ్గానే ఉంది. కాకపోతే అదే పేరుతో ఇంకో హాలు రెండు కిలోమీటర్ల అవతల ఉంది. వరుడి స్నేహితులు అక్కడికి వెళ్లి, ఇంకెవరి పెళ్లిలోనో భోంచేసి, కట్నం కవరు కూడా చదివించి వచ్చారు. భోజనం బాగుందట. ‘ఎక్కడ’ గడిలో ఏం రాయాలో చాలాసేపు ఆలోచించి, ‘ఊళ్లో’ అని రాశాం. ఒకే పేరున్న హాళ్లెన్ని ఉన్నాయో కనుక్కొని పట్టిక తయారు చెయ్యాలని సార్ అన్నారు. ఈ వారం ఆ పని నాది. ఇప్పటికి పద్నాలుగు హాళ్లకు ఫోన్ చేశాను. ఇద్దరు ఎత్తారు.